దెబ్బ కొట్టడం కన్నా ముందు నేర్పాల్సినవి

ఆడవాళ్లకు ఆత్మరక్షణ నేర్పే పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ బెల్టు దాకా నేర్చుకుంటే సొంతంగా క్లాసు పెట్టుకోవచ్చు, కరాటే మంచిదా కిక్‌బాక్సింగ్ మంచిదా, స్కూళ్లలో అవకాశాలు ఎలా వస్తాయి అని అడుగుతారు. వాటికి జవాబులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పనిలో అసలు ఏం ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. నాకైతే అది ఒక తల్లీ కూతురూ నేర్పారు. వాళ్ల పేర్లు మార్చి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది హనుమకొండ. కాలేజీలో జూడో ఆడాను, తర్వాత కరాటే కూడా నేర్చుకున్నాను. మావారికి కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం రావడంతో ఢిల్లీ చేరాం. కొన్నాళ్లు ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేసి, ఆ తర్వాత పని మానేసేదాకా జనక్‌పురిలో ఒకే హాల్లో పాఠాలు చెప్పాను. నన్ను అందరూ విజయా మ్యామ్ అనేవాళ్లు.

సాహ్నీ గారి హాలు

ఆ హాలు ఒక పాత భవనం బేస్‌మెంట్‌లో ఉండేది. వానాకాలం మెట్ల మీదుగా నీళ్లు దిగేవి. దీపావళి తర్వాత పొగ కమ్మినప్పుడు పరుగులు ఆపేసి, ఉన్నచోటే చేసే కసరత్తులు చేయించేదాన్ని. హాలు యజమాని సాహ్నీ గారు ఒకప్పుడు బాక్సింగ్ ఆడిన మనిషి. పొట్ట పెరిగినా నడకలో ఆ ఠీవి పోలేదు. మాటకు కట్టుబడేవాడు, జీతం ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఆయనతో నాకున్న తగాదా ఒక్కటే. ఆయనకు ప్రదర్శనలంటే పిచ్చి.

కాలనీ పార్కులో ప్రదర్శన పెట్టినప్పుడల్లా ఒక కుర్రాడి చేతికి చెక్క కత్తి ఇచ్చి అమ్మాయి మీదికి పంపేవాడు. అమ్మాయి ఒక తన్ను తన్నగానే కత్తి ఎగిరిపడేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

"సార్, నిజంగా కత్తి పట్టుకున్నవాడు కనబడితే చేయాల్సింది పారిపోవడం. మనం ఈ పిల్లలకు అబద్ధం నేర్పుతున్నాం" అన్నాను ఒకసారి.

"విజయా జీ, పారిపోవడం నేర్పిస్తామని పోస్టర్ మీద రాస్తే ఎవరొస్తారు?" అన్నాడాయన.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే పార్కులో ఆయన పద్ధతి, హాల్లో నా పద్ధతి అని ఒక ఒప్పందానికి వచ్చాం. నా పద్ధతిలో మొదట మూడే నేర్పేదాన్ని. మనిషి ఎంత దగ్గరికి వస్తే ప్రమాదమో కనిపెట్టడం, గొంతెత్తడం, బయటికి దారి ఎక్కడుందో చూసుకోవడం. గుద్దులూ తన్నులూ వీటి తర్వాతే. చాలామంది పిల్లలకు ఇది విసుగ్గా ఉండేది. హరిణికి మరీ విసుగు.

హరిణి

హరిణి చేరినప్పుడు పదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉండేది. వాళ్లది తెనాలి వైపు కుటుంబం. తండ్రి మంచి హోదాలో ఉన్న ప్రభుత్వ అధికారి. పిల్ల పుట్టి పెరిగింది ఢిల్లీలోనే. తెలుగు బాగా అర్థమయ్యేది కానీ జవాబు హిందీలో ఇచ్చేది. రోజూ దాని వెంట తల్లి సుగుణ వచ్చేది. కూతురి స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని, క్లాసు అయ్యేదాకా గోడ పక్క బెంచీ మీద కూర్చునేది. పలకరిస్తే నవ్వేది, అంతకు మించి మాట్లాడేది కాదు.

హరిణి గుద్దు నేను చూసిన పిల్లల్లో కెల్లా గట్టిది. నేను ప్యాడ్ పట్టుకుని నిలబడితే మోచేతులు అదిరేవి. సాహ్నీ గారు మెట్ల దగ్గర నిలబడి చూసి, "యే లడ్కీ స్టేట్ ఖేలేగీ" అని మురిసిపోయేవాడు. రాష్ట్ర పోటీలకు పంపుదామని నాకూ ఆశ పుట్టింది.

కానీ ఆ పిల్లలో ఒకటి నాకు అంతుబట్టలేదు. ప్యాడ్ ఛాతీ ఎత్తులో పట్టుకున్నా దాని గుద్దు ఎప్పుడూ పైకే వచ్చేది. నా తల కన్నా పైకి. సరిదిద్దితే రెండు గుద్దులు సరిగ్గా కొట్టి మళ్లీ పైకే పోయేది. ఎవరో పొడుగాటి మనిషి ఎదురుగా ఉన్నట్టు. ఇంకోటి, మిగతా పిల్లలు గుద్దు బాగా తగిలితే నవ్వుతారు. ఇది ఎప్పుడూ నవ్వేది కాదు.

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక, సుగుణ చెప్పులు వేసుకుంటుండగా, దాన్ని మ్యాట్లు సర్దడానికి ఆపాను.

"హరిణీ, కొట్టేటప్పుడు ఎవరు కనబడుతున్నరు నీకు?"

అది తల ఎత్తకుండానే, "పాపా" అంది.

చేతిలో మ్యాట్ వదిలేసి దాని పక్కన కూర్చున్నాను.

"మమ్మీ పర్ హాథ్ ఉఠాతే హై" అంది మళ్లీ అదే. "ఈసారి మమ్మీని కొడితే నేను రెడీగా ఉంటాను మ్యామ్. అందుకే ఇక్కడికొచ్చాను." ఆ రెండో మాట తెలుగులో అంది. నాతో అది తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్న గుద్దు దేనికోసమో అప్పుడు తెలిసింది. పదిహేనేళ్ల పిల్ల ఒక పెద్ద మగవాడికి, అదీ కన్నతండ్రికి, ఎదురు నిలబడటానికి సిద్ధమవుతోంది. ఆ రోజు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దాని గుద్దు ఎంత గట్టిదైనా ఆయన దానికి రెండింతల మనిషి. ఒకవేళ అదే గెలిచినా, తండ్రిని కొట్టి పడేశానన్న జ్ఞాపకంతో ఆ పిల్ల జీవితమంతా బతకాలి.

"అది నీ పని కాదు బిడ్డా" అన్నాను.

"ఫిర్ కిస్‌కా హై?" అంది.

బెంచీ మీద తల్లి

మరి అది ఎవరి పని అన్న ఆ ప్రశ్న పట్టుకుని మొదట సాహ్నీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "ఘర్ కా మామ్లా హై విజయా జీ. ఆయన పెద్ద ఆఫీసరు. మన హాలుకు లేనిపోని చిక్కు. పిల్లకు ఆట నేర్పండి, అంతవరకే" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆశ్చర్యం కలగలేదు. మా అపార్ట్‌మెంట్లో అడిగినా సగంమంది అదే అనేవాళ్లు.

మర్నాడు సుగుణను నీళ్ల కూలర్ దగ్గరికి పిలిచి, ఎవరూ వినకుండా అడిగాను. ఆమె మొహంలో రంగు మారలేదు. "అదేం లేదండీ. పిల్ల ఏదో ఊహించుకుంటది. ఆయనకి కాస్త కోపం ఎక్కువ, అంతే" అంది.

నేను ఇంకేమీ అడగలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కాదన్న మనిషిని ఔననిపించాలని చూడకూడదు. ఆమె కాదన్నా మళ్లీ మన దగ్గరికి రావడానికి దారి ఉండాలి.

"సరే సుగుణ గారూ. ఊరికే ఎందుకు కూర్చుంటరు బెంచీ మీద? మీరూ రాండ్రి. వ్యాయామం అనుకోండ్రి" అన్నాను.

వారం తర్వాత బెంచీ మీంచి లేచి వచ్చింది. చుడీదార్ చున్నీ నడుముకు బిగించుకుని, వెనక వరసలో, అందరికన్నా చివర నిలబడింది. నేను ఎవరి చెయ్యో సరిచేయడానికి చెయ్యి పైకెత్తితే, అంత దూరంలో ఉన్న ఆమె భుజాలు ముడుచుకునేవి. తనకే తెలియకుండా జరిగేది అది. ఒకరోజు నేనది చూశానని ఆమె చూసింది. ఆ రోజు క్లాసు అయ్యాక నీళ్ల కూలర్ దగ్గరికి తనే వచ్చింది.

"పిల్లకి ఏం చెప్పారండీ?"

"అమ్మను కాపాడటం నీ పని కాదని చెప్పిన."

ఆమె గ్లాసులో నీళ్లు నింపుకుని తాగకుండా అలాగే పట్టుకుంది. "పెళ్లయిన కొత్తల్లోంచీ ఉందండీ" అంది. "నాకు అలవాటైపోయింది. పిల్ల మొన్న మధ్యలోకి వచ్చేసింది. ఆయన తోసేస్తే దానికి గోడ తగిలింది. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. నన్ను కొట్టినందుక్కాదు. మళ్లీ అది అడ్డం వస్తదేమోనని."

పుట్టింటికి వెళ్తారా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. పోలీసు స్టేషన్‌లో మహిళల విభాగం ఉంటుందని చెప్పాను. దానికీ తల అడ్డంగానే ఊపింది. "నాకు ఒకటి నేర్పండి చాలు. ఆయన చెయ్యెత్తినప్పుడు పిల్లని పట్టుకుని బయటికి రావడం. నాకు కాళ్లు కదలవండీ ఆ టైములో."

అదే నేర్పాను. ఏ పుస్తకంలోనూ ఈ పాఠం చూడలేదు నేను. హాల్లో మ్యాట్లు నిలబెట్టి వాళ్ల ఇల్లు కట్టాం. ఇది వంటగది, ఇది భోజనాల బల్ల, ఇది వీధి తలుపు. వంటగదిలో మూలకు పోకూడదు, అక్కడ కత్తులుంటాయి, దారి ఉండదు. గొంతు పెరగడం మొదలవగానే తలుపు వైపు ఉండేలా చోటు మార్చుకోవాలి. గడియ ఎడమచేత్తో తీయడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కుడిచేతిలో పిల్ల చెయ్యి ఉంటుంది. హరిణికి చెప్పింది ఇంకా కష్టమైన పాఠం. అమ్మ చెయ్యి పట్టుకోగానే మాట్లాడకుండా వెంట నడవాలి.

"ఔర్ పంచ్?" అంది అది.

"పంచ్ లేదు."

పళ్లు బిగించింది కానీ ఒప్పుకుంది.

అన్నిటికన్నా కష్టమైంది గొంతు. సుగుణకు అరవడం రాలేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. "బచావో అనండ్రి" అంటే సిగ్గుతో తల వంచుకునేది.

"మీ పక్కింట్లో ఎవరుంటరు?" అని అడిగాను.

"పైఅంతస్తులో కౌర్ ఆంటీ ఉంటారండీ. పెద్దావిడ. లిఫ్టులో కనపడితే బాగా మాట్లాడతారు."

"అయితే ఆమెను పేరు పెట్టి పిలవండ్రి. బచావో అని అరిస్తే ఎవరి కోసమో అనుకుంటరు. పేరు పెట్టి పిలిస్తే తలుపు తీస్తరు."

కౌర్ ఆంటీ అని పిలవడం ఆమెకు వచ్చింది. మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, చివరికి మెట్ల దగ్గర సాహ్నీ గారు ఉలిక్కిపడి టీ ఒలకబోసుకునేంత గట్టిగా. ఆయన ఏమిటని అడగలేదు. చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం పొద్దున

తర్వాత జరిగింది నాకు హరిణి చెప్పింది. ఒక ఆదివారం పొద్దున ఇంట్లో దోసెలు తింటున్నారు. తండ్రి కూతురి యూనిట్ టెస్టు మార్కులు అడిగాడు. లెక్కల్లో తగ్గాయి. నువ్వు ఇంట్లో ఉండి చేసేదేంటని తల్లి వైపు తిరిగాడు. గొంతు పెరిగింది. సుగుణ పెనం కింద మంట ఆపేసి, వంటగదిలోంచి బయటికొచ్చి, భోజనాల బల్లకు ఈ పక్క, తలుపు ఉన్న వైపు నిలబడింది. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి చెయ్యెత్తాడు. హరిణి కూడా లేచింది. పిడికిలి బిగిసిపోయిందట దానికి.

"మమ్మీ నా చెయ్యి పట్టుకుంది మ్యామ్" అని చెప్పింది హరిణి. "చాలా గట్టిగా. నేను లాక్కోవచ్చు. లాక్కోలేదు."

గడియ తీసి ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. సుగుణ మెట్ల మధ్యలో నిలబడి, "కౌర్ ఆంటీ" అని పిలిచింది. ఆ భవనంలో ఆమె గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. పై తలుపు తెరుచుకుంది. ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. కింద ఇంటివాళ్లు తలెత్తి చూశారు. కౌర్ ఆంటీ చేతులకు పిండితోనే రెయిలింగ్ దగ్గరికొచ్చి, కింద తలుపులో బనీనుతో నిలబడ్డ పెద్దమనిషిని చూసింది, మెట్ల మీద చెప్పుల్లేకుండా ఉన్న తల్లీకూతుళ్లను చూసింది.

"ఆజా పుత్తర్, ఊపర్ ఆజా" అని పైకి పిలిచింది.

ఆయన అందరి మొహాలూ చూసి తలుపు వేసుకున్నాడు. ఆఫీసులో ఎంతమందిని ఒక్క చూపుతో ఆపగలిగినా, నాలుగు తలుపులు తెరుచుకున్న చోట ఆయన చేయగలిగింది అంతే.

బూట్లు

తల్లీ కూతురూ కౌర్ ఆంటీ ఇంట్లోనే ఉండిపోయారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన మా హాలుకు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, నల్ల బూట్లు, నెమ్మదైన మాట. దారిలో చూస్తే ఎవరైనా నమస్కారం పెట్టే మనిషి. సుగుణా హరిణీ వెనక వరసలో ఉన్నారు.

"మీరేనా విజయ గారు?" అన్నాడు. "నా భార్యకి లేనిపోనివి నూరిపోస్తున్నారని విన్నాను. మా ఇంటి విషయం మేం చూసుకుంటాం. వాళ్లని తీసుకెళ్లడానికొచ్చాను." అంటూ మ్యాట్ మీదికి అడుగు వేయబోయాడు.

నేను ముందుకు కదిలేలోపు వెనకనుంచి సాహ్నీ గారి గొంతు వినబడింది. "సర్, జూతే."

ఆయన ఆగి చూశాడు.

"మ్యాట్ పర్ జూతే నహీ చల్తే, సర్" అన్నాడు సాహ్నీ గారు చాలా మర్యాదగా, ఆయనకూ మ్యాట్‌కూ మధ్య వచ్చి నిలబడి. "క్లాస్ చల్ రహీ హై. బూట్లు విప్పి వచ్చి బెంచీ మీద కూర్చోండి, అయ్యేదాకా. లేదంటే బయట. మేడమ్ తనకిష్టమైతే మీతో వస్తారు."

హాల్లో ముప్పై మందికి పైగా ఆడవాళ్లు. ఎవరూ కదల్లేదు. ఆయన సుగుణ వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. రావడానికి కదలనూ లేదు. ఆయన వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

సాహ్నీ గారు చెమట తుడుచుకుని నా వైపు వచ్చి, "ఇప్పుడు నా మీద కంప్లైంట్ పెడతాడు" అన్నాడు.

"పెడితే?"

"పెట్టనీ. రూల్ రూలే" అని ఛాయ్ చెప్పడానికి వెళ్లాడు. ఇంటి విషయం మనకెందుకన్న మనిషే ఆయన. మనిషి ఒకసారి అన్న మాటను బట్టి అతన్ని పూర్తిగా తూచేయకూడదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత

సినిమాలో లాగా ఏదీ ఒక్కరోజులో తేలలేదు. కౌర్ ఆంటీని తోడు తీసుకుని సుగుణ మహిళల విభాగానికి వెళ్లింది. అక్కడ కౌన్సెలింగ్ అన్నారు, సర్దుకోమన్నారు, మళ్లీ రమ్మన్నారు. చుట్టాలు ఫోన్లు చేసి పరువు గురించి మాట్లాడారు. ఆమె మధ్యలో ఒకసారి మెత్తబడి వెనక్కి వెళ్లిపోదామనుకుంది కూడా. ఆ రోజు నేను వెళ్లమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మీరు ఎక్కడున్నా పిలిస్తే వస్తానని చెప్పాను. ఆమె వెళ్లలేదు. పెళ్లికి ముందు చేసిన బి.ఎడ్. అక్కరకొచ్చి, ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. రెండు గదుల ఇల్లు చూసుకుంది. ఆయన బదిలీ పెట్టించుకుని వేరే నగరానికి వెళ్లిపోయాడు. కోర్టులో వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది.

హరిణి మాత్రం కొన్నాళ్లకు క్లాసుకు రావడం తగ్గించింది. ఒకరోజు వచ్చి, ప్యాడ్ ముందు నిలబడి, చేతులు ఎత్తి మళ్లీ దించేసింది.

"ఇప్పుడు ఎవర్ని కొట్టాలో తెలీట్లేదు మ్యామ్" అంది.

"ఎవర్నీ కొట్టకు. ఏమన్నా ఆడుకో పో" అన్నాను.

అది బ్యాడ్మింటన్‌లో చేరింది. రాష్ట్ర పోటీలకు వెళ్లే పిల్ల పోయిందని సాహ్నీ గారు చాలా బాధపడ్డాడు. నాకూ కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ అది షటిల్ కొట్టేటప్పుడు నవ్వుతుందని సుగుణ చెప్పింది. అంతకన్నా నాకేం కావాలి.

కొత్తగా వచ్చేవాళ్లకు

గుర్‌గావ్ ఆఫీసుల నుంచి మీకు పిలుపులు వస్తాయి. ఒక గంటన్నరలో ఆడ ఉద్యోగులకు ఆత్మరక్షణ నేర్పి పొమ్మంటారు. ఒక ఆఫీసులో చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో, బొటనవేలి వైపు ఎలా తిప్పాలో చూపిస్తుంటే, ఒక హైదరాబాద్ అమ్మాయి నెమ్మదిగా లేచి, "మ్యామ్, పట్టుకున్నది మన మేనేజర్ అయితే?" అని అడిగింది. నిర్వాహకురాలు గబగబా, "నెక్స్ట్ క్వశ్చన్" అంది. నేను తర్వాతి ప్రశ్నకు పోలేదు. ఆ ప్రశ్నకే జవాబు చెప్పాను, ఫిర్యాదు ఎవరికి ఎలా ఇవ్వాలో సహా. ఆ ఆఫీసు నన్ను మళ్లీ పిలవలేదు. మిమ్మల్నీ పిలవకపోతే దిగులు పడకండి.

వేళ్ల మధ్య తాళంచెవులు పెట్టుకుని గుద్దమని నేర్పకండి. ముందు మీ వేళ్లకే దెబ్బ. ఒక నెల నేర్చుకుంటే ఎవరినైనా పడగొట్టొచ్చని ఎవరికీ మాట ఇవ్వకండి. వీధిలో ఎదురయ్యే అపరిచితుడి గురించే మాట్లాడుతుంటే, మీ ముందున్న వరసల్లో కొందరికి మీరు ఏమీ చెప్పడం లేదన్నమాట. వాళ్లకు భయం పుట్టించేవాడి పేరు వాళ్లకు తెలుసు, అతనికి టీ ఎంత చక్కెరతో కావాలో కూడా తెలుసు. అలాంటివాళ్లు నోరు విప్పేదాకా ఓపిక పట్టండి. మీకు చేతకాని సంగతి వస్తే చేతనైనవాళ్ల దగ్గరికి పంపండి, వీలైతే మెట్రో దాకా తోడు వెళ్లండి.

ఊరికే

నేను పని మానేయడానికి కొద్ది నెలల ముందు ఒక సాయంత్రం సుగుణ ఒంటరిగా వచ్చింది. చాలా కాలమైంది చూసి. ట్రాక్ ప్యాంటు వేసుకుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"పాప రాలేదా?" అన్నాను.

"దానికి కాలేజీ ఫెస్ట్ అంటండీ. నేనే వచ్చాను. నేర్చుకుందామని."

"ఏమన్నా అయిందా?"

"అయ్యో, ఏం కాలేదండీ" అని నవ్వింది. "ఆ జూడోలో నడుం మీద ఎత్తి మనిషిని పడేస్తారు చూడండీ, అది నేర్పండి."

"అది మీకు దేనికి పనికొస్తది?"

"దేనికీ పనికిరాదండీ. చూడ్డానికి బావుంటది. ఎప్పట్నుంచో చేయాలనుంది."

చొక్కా ఎక్కడ పట్టుకోవాలో, నడుము ఎలా లోపలికి తిప్పాలో, మోకాళ్లు ఎప్పుడు వంచాలో చూపించాను. మొదట తిరగడం కుదరలేదు. తర్వాత పట్టు జారింది. ఆ తర్వాత ఒకసారి అన్నీ కుదిరి, నా కాళ్లు నేల విడిచాయి, పైకప్పు కనబడింది, వెల్లకిలా మ్యాట్ మీద పడ్డాను. కాలేజీ రోజుల నుంచీ పడటం అలవాటున్న ఒళ్లు, దెబ్బేం తగల్లేదు. ఆమె కంగారుగా నా మొహం మీదికి వంగింది. నేను నవ్వుతున్నానని చూసి తనూ నవ్వింది. పొట్ట పట్టుకుని, మ్యాట్ మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

తర్వాత లేచి, చెయ్యి చాచి నన్ను లేపింది.

"ఇంకోసారి వేస్తానండీ" అంది.